రిపోర్టు చూపించినా నాన్న మాట మార్చడం లేదు

ప్రశ్న: నాన్నకు 64 ఏళ్లు. చాలాకాలంగా షుగర్ ఉంది. నాలుగు నెలల క్రితం మాత్రలు మానేసి కషాయం మొదలుపెట్టారు. వాకింగ్ స్నేహితులందరికీ అదే చెబుతున్నారు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 7.1 నుంచి 9.4కి పెరిగింది. రిపోర్టు చూపిస్తే ‘ల్యాబ్ తప్పు’ అంటున్నారు. రోజూ గొడవే. ఏం చేయాలి?

జవాబు: ఆ అంకె ఆయనకు అర్థం కాక కాదమ్మా. ఒప్పుకుంటే తన మాట విని కషాయం తాగుతున్న వాళ్లందరి ముందూ చిన్నబోవాలి. అంతకన్నా ల్యాబ్‌ను తప్పుపట్టడం తేలిక. నమ్మినదానికీ కళ్లెదుట ఉన్నదానికీ పొసగనప్పుడు మనసు పడే ఈ ఇబ్బంది గురించే మనస్తత్వవేత్త లియాన్ ఫెస్టింజర్ 1957లో రాశారు. 1979లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో మరణశిక్షను సమర్థించే 24 మందికీ, వ్యతిరేకించే 24 మందికీ రెండు వాదనలకూ ఆధారాలున్న పరిశోధనలే చదివించారు. చదివాక ఎవరి పట్టు వాళ్లకు ఇంకా బిగిసింది. మీరు పది వీడియోలు పంపినా అంతే.

ఈ వారంలోనే డాక్టరును కలవాలి. ‘మాత్రలు వేసుకోండి’ అని కాకుండా, ‘కషాయం సంగతి కూడా డాక్టరుకు చెబుదాం, రండి నాన్నా’ అని పిలవండి. ఈలోగా గ్లూకోమీటరు ఆయన చేతికే ఇవ్వండి. పరీక్షకు ముందే ఒక్క మాట అడగండి: ‘తిన్న రెండు గంటలకు ఎంత దాటితే కషాయం చాలట్లేదని అనుకుందాం?’ మామూలుగా 180 దాటకూడదంటారు. ఆయన 200 అన్నా సరే, వాదించకండి. అంకె చూశాక అడిగితే మాత్రం ఏదో ఒక సాకు దొరుకుతుంది.

చేతులు సబ్బుతో కడిగి, బాగా ఆరాకే వేలు గుచ్చాలి. మామిడిపండు తిన్న చేత్తో చూస్తే అంకె పెరుగుతుంది, ‘మీటరే తప్పు’ అనడానికి అది చాలు. స్ట్రిప్పుల గడువు తేదీ కూడా చూడండి. పరగడుపున ఒకసారి, మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు ఒకసారి, అయిదు రోజులు. పరగడుపు అంకె ఒక్కటే బాగుంటే సంబరపడతారు, అందుకే రెండూ కావాలి. పుస్తకంలో ఆయనే రాయాలి.

అంకె ఎక్కువ వస్తే ‘చెప్పానా?’ అనకండి, అల్లుడి ముందు అసలే వద్దు. ‘డాక్టరు మందు మార్చారు’ అని స్నేహితులతో చెప్పుకునే దారి ఆయనకు ఉండనివ్వండి.

అన్నంలో మాత్ర కలిపి పెట్టాలనిపిస్తుందేమో, ఆ పని మాత్రం చేయకండి. షుగర్ ఒక్కసారిగా పడిపోతే కారణం తెలియదు, మీ మీద నమ్మకమూ పోతుంది.

షుగర్ 300 దాటి విపరీతమైన దాహం, వాంతులు, మగత కనిపిస్తే మాత్రం ఒప్పించే పని పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.