హైదరాబాద్ నుంచి డాలస్‌కి ఎంత దూరం, ఎన్ని గంటలు?

మీ అమ్మగారు మొదటిసారి ఒంటరిగా హైదరాబాద్ నుంచి డాలస్ వస్తున్నారు, దూరమెంత, ఎన్ని గంటలు పడుతుంది అని మీరు అడిగారు. మా అమ్మ కూడా ఇలాగే వచ్చి వెళ్లింది కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

గ్లోబు మీద దారం పెట్టి కొలిస్తే దాదాపు 14,400 కిలోమీటర్లు. రెండు ఊళ్లూ భూమికి ఇటొకటి అటొకటి కావడంతో ఆ దారం ఉత్తర ధ్రువానికి దగ్గరగా పోతుంది. నేరుగా వెళ్లే విమానం మాత్రం లేదు. దుబాయ్ మీదుగానో దోహా మీదుగానో అయితే సుమారు 15,500 నుంచి 15,700 కిలోమీటర్లు. దోహా దాకా నాలుగు గంటలకు కొంచెం పైన, అక్కణ్నుంచి డాలస్‌కి ఇంచుమించు 16 గంటలు. మధ్యలో ఆగే సమయం కూడా కలిపితే 22 నుంచి 26 గంటలు వేసుకోండి. సీటు ముందున్న తెరలో విమానం పడమరకి కాకుండా ఉత్తరానికి పోతుంటే మా అమ్మ కంగారుపడిందట, ‘ఇదేంట్రా, మంచుదేశాల మీంచి తీసుకొచ్చారు’ అని దిగగానే అడిగింది. మీ అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి.

టికెట్‌లో ఉండే టైములు ఏ ఊరివి ఆ ఊరివే. తెల్లవారుజామున 4కి బయల్దేరి అదే రోజు సాయంత్రం 4కి దిగుతారని ఉంటే 12 గంటలు అనుకోకండి. వేసవిలో మనకీ డాలస్‌కీ పదిన్నర గంటల తేడా, అంటే అసలు ప్రయాణం ఇరవై రెండున్నర గంటలు. నవంబర్ మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా తేడా పదకొండున్నర. తిరుగు ప్రయాణంలో డాలస్ నుంచి గల్ఫ్‌కి వెళ్లే విమానానికి గంటకు పైగా తక్కువ పడుతుంది. అంత ఎత్తులో గాలులు పడమర నుంచి తూర్పుకి బలంగా వీస్తాయి, వెనక నుంచి తోస్తాయి.

పెద్దవాళ్లకి టికెట్ కొనేటప్పుడు గంటలు తక్కువున్నదే చూడొద్దని నా గట్టి అభిప్రాయం. మధ్యలో గంటన్నర ఆగేదాని కంటే మూడు నాలుగు గంటలు ఆగేది నయం. మొదటి విమానం కాస్త ఆలస్యమైనా రెండోది చేజారదు, బాత్రూమ్‌కి వెళ్లి, ఏదైనా తిని, స్థిమితంగా గేటు దగ్గర కూర్చోవచ్చు. ఇంకోటి, అమెరికాలో వేరే ఊళ్లో విమానం మారే టికెట్ వద్దు. ఇమిగ్రేషన్, అంటే పాస్‌పోర్టు, వీసా తనిఖీ, మొదట దిగిన ఊళ్లోనే అవుతుంది, సాధారణంగా పెట్టెలు కూడా అక్కడే తీసుకుని మళ్లీ ఇవ్వాలి. 23 కిలోల పెట్టెలు రెండు లాగుతూ, ఇంగ్లీషు రాకుండా, ఒక్కరే ఆ పని చేయడం చాలా కష్టం. గల్ఫ్ నుంచి నేరుగా డాలస్‌లో దిగితే ఆ బాధ లేదు, మీరు బయటే ఉంటారు.

నడవగలిగినా సరే, టికెట్‌తో పాటే వీల్‌చైర్ అడగండి, దానికి విడిగా డబ్బులు తీసుకోరు. మధ్యలో వాళ్లే గేటు దాకా చేరుస్తారు, డాలస్‌లో ఇమిగ్రేషన్ దగ్గరికీ తీసుకెళ్తారు. మీ అడ్రసు, ఫోన్ నంబరు, ఎన్నాళ్లు ఉంటారో ఇంగ్లీషులో ఒక కాగితం మీద రాసి, తిరుగు టికెట్‌తో కలిపి చేతిసంచీలో పెట్టించండి. బీపీ, షుగర్ మాత్రలు కూడా అందులోనే ఉండాలి. ఏది ఎన్ని గంటలకొకసారి వేసుకోవాలో డాక్టర్‌ని ముందే అడిగి రాయించుకోండి, దిగిన ఊరి గడియారం చూసి వేసుకుంటే ఈ ప్రయాణంలో లెక్క తప్పుతుంది.