జలమండలి ఎండీ మారితే నల్లా నీటి సరఫరా మెరుగవుతుందా?

వెంటనే కాదు. 1989 నాటి చట్టంతో ఏర్పడిన హైదరాబాద్ జలమండలికి ముఖ్యమంత్రి ఛైర్మన్ కాగా, రోజువారీ పాలనను ప్రభుత్వం నియమించే మేనేజింగ్ డైరెక్టర్, సాధారణంగా ఒక ఐఏఎస్ అధికారి, చూస్తారు. నగరానికి ప్రధాన ఆధారమైన కృష్ణా జలాలు నాగార్జునసాగర్ నుంచి, గోదావరి జలాలు ఎల్లంపల్లి నుంచి వంద కిలోమీటర్లకు పైగా పంపులతో ఎత్తిపోయగా చేరుతున్నాయి కనుక, సరఫరా పరిమాణం జలాశయ మట్టం, పైపులైన్ల సామర్థ్యం, కరెంటు ఖర్చులను బట్టి ఉంటుందే తప్ప అధికారి మారినంత మాత్రాన పెరగదు. కొత్త పథకానికి నిధులివ్వాల్సిందీ, ఛార్జీల పెంపునకు ఒప్పుకోవాల్సిందీ ప్రభుత్వమే.

అయితే లీకేజీల మరమ్మతు, అక్రమ కనెక్షన్ల తొలగింపు, బకాయిల వసూలు, ఫిర్యాదుల పరిష్కారం చాలావరకు ఎండీ చేతిలోని పనులే. నా దృష్టిలో, కొత్తగా వచ్చినవారి పనితీరును వేసవిలో ట్యాంకర్ల కోసం జనం ఎన్ని రోజులు ఎదురుచూస్తున్నారన్న దాన్నిబట్టి అంచనా వేయడం సబబు.