మాహేశ్వర సూత్రాలు: ఋ ఎదురుగా ట్ ఎందుకు వస్తోంది?

మాహేశ్వర సూత్రాలంటే సంస్కృత వ్యాకరణంలో అక్షరాలను వరసపెట్టిన 14 చిన్న సూత్రాలు. వాటి నుంచి ఇక్, యణ్ అనే అక్షరాల గుంపులు తీసేటప్పుడు మీరు చివరి హల్లును తీసేశారు, మధ్యలో ఉన్నదాన్ని తీయలేదు. అందుకే ‘ఇకో యణచి’ (తర్వాత అచ్చు వస్తే ఇక్ బదులు యణ్ వస్తుందని చెప్పే సంధి సూత్రం) కోసం ఇక్‌నీ యణ్‌నీ పక్కపక్కన రాస్తే మీకు ఋ ఎదురుగా ట్ వచ్చింది. 14 సూత్రాలూ కంఠతా వచ్చినవాళ్లు కూడా చాలామంది ఇక్కడే తడబడతారు.

ప్రతి సూత్రం చివర ఉండే పొల్లు హల్లు ‘ఇత్తు’. ప్రత్యాహారానికి (ఇక్, యణ్ లాంటి పొట్టి పేరుకి) హద్దు చూపడమే దాని పని, అది లెక్కలోకి రాదు. దారిలో ఎన్ని సూత్రాలు దాటితే అన్ని ఇత్తులూ పోవాలి.

1. అఇఉణ్, ఋఌక్: ఇ నుంచి క్ దాకా తీసుకోండి. ణ్, క్ కొట్టేస్తే మిగిలేవి ఇ ఉ ఋ ఌ.
2. హయవరట్, లణ్: య నుంచి ణ్ దాకా. ట్, ణ్ కొట్టేస్తే య వ ర ల (వాటిలోని అకారం పలకడానికే).
3. వరసగా జత కలపండి: ఇ-య, ఉ-వ, ఋ-ర, ఌ-ల.

సరిచూసుకోండి: అతి + అంత = అత్యంత, సు + ఆగతం = స్వాగతం, పితృ + ఆర్జితం = పిత్రార్జితం. ఌకి ఉదాహరణ వెతక్కండి, వ్యాకరణ పుస్తకాల బయట దాదాపు దొరకదు.

గుర్తుండాలంటే సూత్రాలు వల్లించేటప్పుడు ఇత్తు దగ్గర గొంతు తగ్గించండి. రెండో విడత వాటిని పూర్తిగా వదిలేసి చదవండి: అ ఇ ఉ, ఋ ఌ, ఏ ఓ, ఐ ఔ... రంగురంగుల చార్టుల కన్నా ఇదే నయం.

ణ్ రెండుసార్లు వస్తుందని టెన్షన్ వద్దు. యణ్ మొదలయ్యేదే మొదటి ణ్ దాటాక. ఇణ్ అన్నప్పుడు మాత్రం ఎప్పుడూ రెండో ణ్ దాకా వెళ్లాలి.