ఆగిన గడియారానికి బరువు పెంచకు

ఒంగోలు,
కార్తీక మాసం, ముసురు పట్టి మూడో రోజు.

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మొన్న నువ్వు ఫోను చేసి, "మామయ్యా, నేను చెక్కతో చేసిన గడియారం నడిచినట్టే నడిచి ఆగిపోతోంది, ఇంకో కిలో బరువు వేలాడదీయనా?" అని అడిగావు. నేను వద్దన్నాను గానీ ఎందుకు వద్దో చెప్పే లోపలే లైను తెగిపోయింది. ఆ తర్వాత నువ్వు పంపిన సందేశంలో మూడు అంకెలున్నాయి. ఒకసారి 24 నిమిషాలు నడిచింది, ఒకసారి 40, ఒకసారి 16. ఆగిన చోటి నుంచే మళ్ళీ లోలకం ఊపి వదిలానని కూడా రాశావు. ఈ మూడు అంకెలు రాసిపెట్టుకున్నందుకు నిన్ను మెచ్చుకోవాలి. నేను మొదటి గడియారం చేసినప్పుడు నాకా బుద్ధి పుట్టలేదు.

ఆ మూడూ ఎనిమిదో ఎక్కంలోవి, చూశావా? ఇప్పుడు నీ చక్రాల లెక్క చూద్దాం. నిమిషాల ముల్లు ఉన్న ఇరుసు గంటకు ఒక చుట్టు తిరుగుతుంది. దాని మీదున్న 60 పళ్ళ చక్రం 8 పుల్లల పినియన్‌ను, అంటే పళ్ళ బదులు పుల్లలున్న చిన్న చక్రాన్ని, తిప్పుతుంది. అంటే మధ్య ఇరుసు గంటకు ఏడున్నర చుట్లు, ఒక్కో చుట్టుకు 8 నిమిషాలు. ఆ మధ్య ఇరుసు మీది 64 పళ్ళ చక్రం మరో 8 పుల్లల పినియన్‌ను తిప్పితే, చివర, లోలకం ఊపుకు ఒక్కో పన్నుగా కదిలే 30 పళ్ళ ఎస్కేప్ చక్రం సరిగ్గా నిమిషానికి ఒక చుట్టు తిరుగుతుంది. తప్పు ఎస్కేప్ చక్రంలో ఉంటే గడియారం ఏ నిమిషంలోనైనా ఆగాలి. నీది ఎనిమిదేసి నిమిషాల లెక్కన ఆగుతోంది కాబట్టి దొంగ మధ్య ఇరుసు మీదే ఉన్నాడు. ఆ ఇరుసు ప్రతి చుట్టులోనూ ఒకే చోట బిగుసుకుంటోంది. ఒక్కోసారి గింజుకుని దాటుతోంది, ఒక్కోసారి దాటలేకపోతోంది. ఈసారి ఆగినప్పుడు కదిలించకుండా, కలిసి ఉన్న పళ్ళ మీద సుద్దముక్కతో గుర్తుపెట్టు. రెండు మూడుసార్లు అదే పన్ను దగ్గర ఆగితే ఇక అనుమానం అక్కర్లేదు.

ఎందుకు బిగుసుకుంటోందంటే, నాకో అనుమానం ఉంది. ఆ మధ్య ఇరుసు మీది చక్రం ఒక్కటీ ప్లైవుడ్‌తో కాకుండా, ఇంట్లో మిగిలిన టేకు పలకతో కోశానన్నావు. అదీ రోహిణి కార్తెలో. చూడ్డానికి బాగుంటుందని చేసి ఉంటావు, కాదనను. కానీ చెక్క చచ్చినా ఊపిరి పీలుస్తూనే ఉంటుందనుకో. గాలిలో తేమ పెరిగితే అది నార పొడవునా దాదాపు పెరగదు గానీ నారకు అడ్డంగా ఉబ్బుతుంది. రోహిణి ఎండలో గుండ్రంగా కోసిన చక్రం ఈశాన్య రుతుపవనాల వానల్లో కోడిగుడ్డవుతుంది. 15 సెంటీమీటర్ల చక్రానికి మిల్లీమీటరు తేడా రావడం పెద్ద వింతేమీ కాదు. నీ దగ్గర సన్న కొలతలు తీసే వెర్నియర్ ఉంది కదా, నార వెంట ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలిచి నాకు రాయి. తేడా ఉంటే ఆకురాయి పట్టుకుని ఉబ్బిన పళ్ళను అరగదీయకు. ఇప్పుడు సరిపోతుంది, మళ్ళీ వేసవికి అటు కుంచించుకుపోయి పళ్ళు వదులైపోతాయి. పొరలు అడ్డదిడ్డంగా అతికిన మంచి ప్లైవుడ్‌తో ఆ చక్రం మళ్ళీ కొయ్యి. టేకు అందం కావాలంటే చట్రానికి వాడుకో.

చెక్కతోనే చక్రాలు చేసినవాళ్ళు లేరా అంటావు. ఉన్నారు. ఇంగ్లండులో వడ్రంగి కొడుకు జాన్ హారిసన్ 1713లో, ఇరవై ఏళ్ళ ప్రాయంలోనే, దాదాపు అంతా చెక్కతోనే గడియారం చేశాడు. ఆయన ఓకు చక్రాల పళ్ళను ఒకే పలకలోంచి కొయ్యలేదు. నార కేంద్రం నుంచి బయటికి పోయేలా ముక్కలు చేసి, అంచులో గాడి తీసి బిగించాడు. అలా చేస్తే ఏ పన్నూ అడ్డనారలో విరగదు. తర్వాత 1722 ప్రాంతంలో బ్రాక్‌ల్స్‌బీ పార్కు అనే ఎస్టేటులో గోపుర గడియారం చేసినప్పుడు, తనలోనే జిడ్డున్న లిగ్నం విటే అనే చెక్కను ఇరుసుల కింద పెట్టి నూనె అవసరమే లేకుండా చేశాడు. ఆ గడియారం ఇప్పటికీ నడుస్తోంది. నువ్వూ నూనె జోలికి పోవద్దు. చెక్క నూనె తాగి ఉబ్బుతుంది, మిగిలిన జిడ్డుకు దుమ్ము అంటుకుని బంక అవుతుంది. పెన్సిల్ ముల్లు గీకిన పొడి చాలు.

ఇక బరువు సంగతి. నా మొదటి గడియారం ఆగినప్పుడల్లా నేను బరువు పెంచుకుంటూ పోయాను. కిలోన్నరతో మొదలై నాలుగు కిలోల దాకా వచ్చింది. నడిచింది కూడా. నేను మీసం మెలేశాను. పదకొండో రోజు అర్ధరాత్రి తాడు తెగి, ఇసుక నింపిన గొట్టం నేల మీద పడి రెండు టైల్సు పగిలాయి. మీ అత్తయ్య దొంగలు పడ్డారని కేక వేసింది. ఆ టైల్సు ఇప్పటికీ రంగు తేడాగా ఉన్నాయి, ఈసారి వచ్చినప్పుడు చూపిస్తాను, మీ అత్తయ్య ఎలాగూ చూపిస్తుంది. తెల్లవారి విప్పి చూస్తే రెండు పళ్ళు సగం అరిగి ఉన్నాయి. ఇరుసు రంధ్రం ఒకటి వంకరగా ఉన్న సంగతి అప్పుడు బయటపడింది. ఆ వంకరను ఇన్నాళ్ళూ కిలోల లెక్కన దాచిపెట్టాను.

ఎంత బరువు కావాలో ఊహించకు, గడియారాన్నే అడుగు. నేను చేసే పద్ధతి ఇది. బరువు బదులు రెండు లీటర్ల నీళ్ళ సీసా వేలాడదీస్తాను. నిండుగా ఉన్నప్పుడు లోలకం హాయిగా ఊగుతుంది. అరగంటకోసారి ఒక గ్లాసు నీళ్ళు తీసేస్తూ పోతాను. ఊపు తగ్గుతూ తగ్గుతూ ఒక దశలో ఎస్కేప్ చక్రం పళ్ళు దాటలేక ఆగిపోతుంది. అప్పుడు సీసాను తూకం వేసి, దానికి మరో సగం కలుపుతాను. అదే దాని అసలు ఆహారం. రెండు లీటర్లకే ఆగిపోతుంటే సీసా తప్పు కాదు, విప్పి వెతకాల్సిందే. వెతికేటప్పుడు అన్నీ ఒకేసారి బిగించకు. ఒక్కొక్క ఇరుసునూ ఒంటరిగా చట్రంలో పెట్టి నోటితో ఊదు. తిరిగి, బరువైన వైపు కిందికి వచ్చి, అటూ ఇటూ నాలుగుసార్లు ఊగి ఆగాలి. టక్కున ఆగితే రంధ్రంలో పట్టు ఉంది. ఆ తర్వాత రెండేసి చక్రాలను కలిపి చూడు. పళ్ళ మధ్య సన్న కాగితం ముక్క పెడితే అది చిరగకుండా, మడత మాత్రం పడి బయటికి రావాలి.

పినియన్లకు సైకిల్ స్పోకులు వాడావని విని సంతోషించాను. రెండు బిళ్ళల మధ్య పుల్లలు దిగ్గొట్టిన ఆ పంజరం, చెక్కలో చెక్కిన చిన్న పళ్ళకన్నా ఎంతో నయం. ఎస్కేప్ చక్రాన్ని అడ్డుకునే లంగరు కొనలు మాత్రం గట్టి చెక్కతో చేసి, వేలి గోరు జారేంత నున్నగా ఉప్పు కాగితం పట్టు. నేను వాటి కోసం ఉదయగిరి వెళ్ళి, దుర్గం కొండ కింద చెక్క గరిటెలు చేసేవాళ్ళ దగ్గర నర్ది చెక్క తునకలు అడిగి తెచ్చుకున్నాను. నువ్వు ఒకసారి వెళ్ళాలి. గరిటె కాడ సన్నబడే చోట వాళ్ళు నార చూసుకుని ఉలి తిప్పే తీరు ఒక పూట కూర్చుని చూస్తే, నేను పది ఉత్తరాల్లో చెప్పలేనిది తెలుస్తుంది. ఊరికే చూడ్డానికి వచ్చావనుకోకుండా రెండు చెంచాలు కొను.

లోలకం గురించి ఒక ముక్క. నువ్వు కంప్యూటర్ నుంచి తీసుకున్న నమూనా లండను వాళ్ళు గీసింది. సెకనుకో టిక్కు కొట్టే లోలకానికి అక్కడ 99.4 సెంటీమీటర్ల పొడవు కావాలి. మన నెల్లూరు భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి ఇక్కడ భూమి లాగే బలం పిసరంత తక్కువ, 99.1 చాలు. మార్చకపోతే రోజుకు రెండు నిమిషాలు వెనకబడుతుంది. ఇది కొత్త సంగతేమీ కాదు, 1672లో జాన్ రిషే అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు పారిస్ గడియారాన్ని దక్షిణ అమెరికాలోని కయెన్‌కు తీసుకెళ్తే రోజుకు రెండున్నర నిమిషాలు తగ్గింది. నీ చెక్క తప్పేమో అని బుర్ర బద్దలు కొట్టుకోకుండా అడుగున మర తిప్పు. మిల్లీమీటరు మార్పుకు రోజుకు 43 సెకన్లు, గుర్తుంచుకో. కడ్డీ మాత్రం చెక్కదే ఉండనీ, నార నిలువుగా, లక్క పాలిష్ రెండు పూతలు వేసి. వేడికి చెక్క కడ్డీ ఇనుప కడ్డీలా సాగదు.

టిక్కు, టాక్కు సమానంగా వినిపించాలి. కుంటి నడకలా వినిపిస్తే గడియారం ఒక పక్కకు అట్టముక్క పెట్టి ఎత్తి చూడు, సరిపోయిన వైపు లంగరు కాడను కాస్త వంచు.

ఒకసారి తాడు చుడితే రోజంతా నడవాలని అడిగావు. తాడు చుట్టుకునే 4 సెంటీమీటర్ల డ్రమ్ము గంటకు ఒక చుట్టు తిరిగితే పన్నెండున్నర సెంటీమీటర్ల తాడు వదులుతుంది. 12 గంటలకు మీటరున్నర. రోజంతా నడవాలంటే 3 మీటర్ల ఎత్తు కావాలి, మీ ఇంటి గోడకు అది లేదు. తాడుకు ఒక కప్పీ తగిలిస్తే దూరం సగమవుతుంది, బరువు రెట్టింపవుతుంది. బరువు పెంచవచ్చని నేను ఒప్పుకునే సందర్భం ఇదొక్కటే. ఆ బరువుకు చీమకుర్తి నల్లరాయి ముక్క తెచ్చుకో, గ్రానైటు కోసే చోట అంచు ముక్కలు పడి ఉంటాయి. 9 సెంటీమీటర్ల ఘనం రెండు కిలోలు దాటుతుంది, మెరిసే చుక్కలతో గోడకు నగలా ఉంటుంది.

గాడిలో గోళీ దొర్లించే గడియారం చేస్తానన్నావు కదా. 1808లో కాంగ్రీవ్ అనే ఆయన చేసినది అదే. చూస్తూ కూర్చోవడానికి దాన్ని మించింది లేదు, కాలం చెప్పడానికి మాత్రం పనికిరాదు. గాడిలో దుమ్ము రవ్వ పడితే గోళీ ఆలస్యం. మన ఊళ్ళలో దుమ్ముకు కొదవా? అది మూడో గడియారానికి పెట్టుకో.

రెండోదానికి నా దగ్గర ఒక ఆలోచన ఉంది, నేను చేసి చూశాను కూడా. నిమిషాల ఇరుసు మీద అదనంగా 40 పళ్ళ చక్రం వేసి, దానితో 16 పళ్ళ చక్రాన్ని తిప్పు. అది సరిగ్గా 24 నిమిషాలకు ఒక చుట్టు తిరుగుతుంది. అంటే ఒక ఘడియ. ఆ ముల్లు కింద 60 గీతలు గీస్తే ఒక్కోటి విఘడియ. మీ తాతయ్య పంచాంగంలో తిథి ఎన్ని ఘడియలుందో చూసి వేళ్ళ మీద లెక్క వేసేవారు, నీకు గుర్తుండదు. ఘడియలు సూర్యోదయం నుంచి మొదలు కాబట్టి రోజూ పొద్దున్నే ముల్లు సున్నాకు తిప్పాలి. నేను దాని ముఖానికి మార్కాపురం పలకరాయి పెట్టి, అంకెలు బలపంతో తెలుగులో రాశాను. చెరిపి మళ్ళీ రాసుకోవచ్చు. పేరుకు గడియారమే గానీ ఘడియలు చూపించే గడియారం మన వీధిలో ఇదొక్కటే. పక్కింటి పిల్లలు బలపం ఎత్తుకుపోతుంటారు, అంతే దాని ఖర్చు.

ప్రస్తుతానికి కొలతలు పంపు. ఆ టేకు చక్రాన్ని పారెయ్యకు, సంక్రాంతికి వచ్చేటప్పుడు పట్టుకురా, ఎండాకాలం దాకా ఇక్కడ గోడకు తగిలించి నెలనెలా కొలుద్దాం. లోలకం మాత్రం తేవద్దు. పోయినసారి నేను ఒకటి బస్సులో తెస్తుంటే కండక్టరు దానికీ టికెట్టు కొట్టబోయాడు.

అక్కకు, బావగారికి నమస్కారాలు.

ఇట్లు,
మీ మామయ్య