గొంతు బాగోలేదన్న భయంతో నటన వదులుకోవాలా?

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. నటన నేర్చుకోవాలని ఉంది. ఈమధ్య 1926 నాటి మూకీ ప్రేమకథ ‘ఫ్లెష్ అండ్ ద డెవిల్’ చూశాను. అందులోని జంటలో గ్రేటా గార్బో టాకీల్లోనూ వెలిగారని, అప్పటికే పెద్ద తార అయిన జాన్ గిల్బర్ట్ వెనకబడిపోయారని చదివాక దిగులు పట్టుకుంది. నా గొంతు కూడా సన్నగా ఉంటుంది. ఈ రంగంలోకి రావచ్చా?

జవాబు: తప్పకుండా రావచ్చు. గొంతు పీలగా ఉండబట్టే గిల్బర్ట్ దెబ్బతిన్నారన్న మాట చాలాకాలంగా ప్రచారంలో ఉంది కానీ, 1933లో ఆయన మళ్లీ గార్బో సరసన నటించిన ‘క్వీన్ క్రిస్టినా’ చూడండి, ఆ గొంతులో వంక పెట్టదగ్గ లోపమేదీ మీకు వినిపించదు. ఆయనకు చేటు చేసింది 1929లో వచ్చిన ‘హిజ్ గ్లోరియస్ నైట్’లోని సంభాషణలు. కళ్లతో చెప్పినంత కాలం మనసుకు హత్తుకున్న ఆవేశమే, ‘ప్రేమిస్తున్నాను’ అని పదేపదే పైకి అనాల్సి వచ్చేసరికి ప్రేక్షకులకు నవ్వు తెప్పించింది.

గార్బో విషయం వేరు. ఆమె స్టాక్‌హోమ్‌లోని రాయల్ డ్రమాటిక్ థియేటర్ పాఠశాలలో నటన చదువుకున్నారు. పైగా హాలీవుడ్ చిత్రనిర్మాణ సంస్థ ఎంజీఎం తొందరపడకుండా, ఆమె స్వీడిష్ యాస సహజంగా ఇమిడే పాత్రను వెతికి, అమెరికన్ నాటక రచయిత యూజీన్ ఓనీల్ నాటకం ఆధారంగా తీసిన ‘అన్నా క్రిస్టీ’తో 1930లో ఆమె చేత తొలిసారి మాట్లాడించింది.

మీరు చూసిన ‘ఫ్లెష్ అండ్ ద డెవిల్’లోనే గిల్బర్ట్ స్నేహితుడిగా నటించిన లార్స్ హాన్సన్‌ను ఎవరూ పెద్దగా తలచుకోరు. మీకు ఎక్కువగా పనికొచ్చేది ఆయన జీవితమేనని నా అభిప్రాయం. టాకీలు వచ్చే వేళకు స్వదేశమైన స్వీడన్‌కు వెళ్లిపోయి, మాతృభాషలో రంగస్థలం మీద స్థిరపడిన ఆయన, 1956లో ఓనీల్ ‘లాంగ్ డేస్ జర్నీ ఇంటు నైట్’ ప్రపంచంలోనే తొలిసారి స్టాక్‌హోమ్‌లో ప్రదర్శితమైనప్పుడు అందులో తండ్రి పాత్ర ధరించారు.

రాత్రి తోటలో గిల్బర్ట్ అగ్గిపుల్ల వెలిగించగా ఇద్దరి ముఖాలూ వెలిగే దృశ్యం మీకు గుర్తుండే ఉంటుంది. ఆ వెలుగు అగ్గిపుల్లది కాదు, ఛాయాగ్రాహకుడు విలియం డేనియల్స్ నటుడి అరచేతిలో దాచిన చిన్న దీపానిది. ధ్వని వచ్చినా డేనియల్స్‌కు పని తగ్గలేదు సరికదా, 1948 నాటి ‘ది నేకెడ్ సిటీ’కి ఆస్కార్ కూడా అందుకున్నారు. అందుకే నటనతోపాటు ఛాయాగ్రహణమో, ఎడిటింగో, రచనో ఏదో ఒకటి శ్రద్ధగా నేర్చుకోమని మిమ్మల్ని కోరుతున్నాను. గిల్బర్ట్‌కు సైతం రాసే శక్తి ఉండేది. 1932 నాటి ‘డౌన్‌స్టెయిర్స్’ కథ ఆయనదే. కానీ 1936లో, 38 ఏళ్లకే ఆయన కన్నుమూశారు.

ముందు డిగ్రీ పూర్తి చేయండి. పుణెలోని ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ (ఎఫ్‌టీఐఐ)లో స్క్రీన్ యాక్టింగ్ కోర్సుకైనా, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల పీజీకైనా డిగ్రీ ఉండాలి. ఈలోగా ఏదైనా నాటక బృందంలో చేరి, రోజూ ఒక నాటకంలోని రెండు పేజీలు పైకి చదివి ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. గొంతు సన్నగా ఉన్నా ఫరవాలేదు, వాక్యం చివరి మాట వెనక వరుసలో కూర్చున్నవారికి స్పష్టంగా చేరుతోందో లేదో గమనించుకోండి.