వేసవిలో ఉప్పుమళ్ల గట్టున: పిట్టల ఫొటోల గురించి మీ ప్రశ్నలు

ప్రశ్న: చలికాలంలో రెండుసార్లు కాకినాడ తీరానికెళ్లి బురదమేటల మీద పిట్టల్ని ఫొటోలు తీశాను. ఏప్రిల్, మే నెలల్లో వెళ్తే ఏమైనా ఉంటాయా? అన్నీ వెళ్లిపోయి ఉంటాయని స్నేహితులంటున్నారు.
– డిగ్రీ విద్యార్థి, భీమవరం

జవాబు: ఏప్రిల్ నెలాఖరు దాకా నిశ్చింతగా వెళ్లు బాబూ. నన్నడిగితే ఏడాది మొత్తంలో వీటిని చూడాల్సిన నెల అదే. డిసెంబరులో నువ్వు చూసిన కర్ల్యూ సాండ్‌పైపర్ బూడిదరంగులో, చుట్టూ ఉన్న గుంపులో ఏదో ఒకటిలే అన్నట్టు ఉండి ఉంటుంది. అదే పిట్ట ఏప్రిల్‌కి మెడ నుంచి పొట్ట దాకా కాల్చిన ఇటుకలా ఎర్రబడుతుంది. సాండ్ ప్లోవర్‌కి రొమ్ము మీద నారింజ రంగు పరుచుకుని, కళ్ల మీద నల్ల గంత కట్టినట్టవుతుంది. గుడ్లు పెట్టే ఉత్తరదేశాలకి బయల్దేరే ముందు కట్టుకునే పెళ్లిబట్టలవి. పూర్తిగా రంగు తిరిగినవీ, సగం తిరిగి అతుకుల బొంతలా ఉన్నవీ ఒకే గుంపులో కనపడతాయి. మే వచ్చాక మిగిలేవి చాలావరకు కిందటేడు పుట్టిన పిల్లలు. జతకట్టే ఈడు రాలేదు కాబట్టి ఆ ఏడాదికి ఇక్కడే ఉండిపోతాయి. వాటికి పెద్దగా రంగు రాదు.

అయితే ఈ రోజుల్లో అవి తినేదంతా దారిఖర్చు. వేల కిలోమీటర్లకి సరిపడా కొవ్వు ఒంట్లో దాచుకుంటున్న పిట్టని ఉత్తినే ఎగరగొడితే దాని మూటలోంచి మనం తీసేసుకున్నట్టే. కాకినాడ మేటల మీద కనపడే గ్రేట్ నాట్ అయితే 2015 నుంచీ ప్రపంచవ్యాప్తంగా అంతరించే ప్రమాదమున్న పిట్టల జాబితాలో ఉంది. ఎగిరే ఫొటో కోసం గుంపు మీదికి పరిగెత్తే వాళ్లని చూస్తే నాకు కడుపు మండిపోతుంది. నువ్వు ఆ పని చెయ్యకు.

చెయ్యాల్సింది కూర్చోవడం. ముందు గోడమీది క్యాలెండర్లో తిథి చూసుకో. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు పెద్దది, అష్టమి దగ్గర చిన్నది. ఇవాళ్టి పోటు రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. నీరు పూర్తిగా ఎక్కడానికి రెండు గంటల ముందే వెళ్లి, పొడి ఇసుక అంచున ఒకచోట కూర్చుని కదలకు. మేట మునిగేకొద్దీ నీళ్లే పిట్టల్ని నీవైపు తోసుకొస్తాయి. మనమే బురదలో వాటి వెనక పడితే అవి దూరమవుతూనే ఉంటాయి, పైగా ఎక్కడ ఊబి ఉందో తెలియదు. ముందుగా అక్కడి చేపల వేటకెళ్లే వాళ్లని అడుగు, ఏ కాలవ దాటకూడదో వాళ్లు చెప్తారు.

ఇంకో సంగతి. మన తీరం తూర్పుముఖం. పొద్దున సముద్రం వైపు తిరిగితే ఎండ సూటిగా కళ్లలో పడుతుంది, పిట్టలన్నీ నల్లటి నీడలే. అందుకే నేను తీరానికి సాయంత్రాలే వెళ్తాను, వీపు మీద ఎండ పెట్టుకుని. మా చీరాల వైపు పొద్దుటి పూట చినగంజాం ఉప్పుమళ్లకి. అక్కడ తూర్పు గట్టున కూర్చుంటే వెలుగు మన భుజం మీదుగా వెళ్లి పిట్ట మీద పడుతుంది.

ప్రశ్న: అప్పు చేసి దూరపు పిట్టల్ని దగ్గరగా చూపించే 150–600 మి.మీ. లెన్సు కొన్నాను. పులికాట్‌లో తీసిన ఫ్లెమింగోల ఫొటోలన్నీ మెత్తగా, నీళ్లలోంచి చూసినట్టున్నాయి. షాపువాళ్లు లెన్సు బాగానే ఉందంటున్నారు.
– ప్రైవేటు ఉద్యోగి, నెల్లూరు

జవాబు: వాళ్లు చెప్పింది నిజమే కావచ్చండి. ఎన్ని గంటలకి తీశారో రాయలేదు. పది దాటాక అయితే తప్పు ఎండది. కాలిన నేల పైనున్న గాలి వేడెక్కి లేస్తుంటుంది. వేడి గాలీ చల్లగాలీ కలిసేచోట వెలుతురు వంగుతుంది. తారురోడ్డు మీద నీళ్లలా తళతళలాడేది అదే. దానిలోంచి 200 మీటర్ల అవతలి పిట్టని ఎంత ఖరీదైన లెన్సు చూసినా అంతే. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీంచి తీసి ఉంటే మరీను, ఆ తారు సెగ కూడా తోడు. మేలో మాకు ఎనిమిదిన్నర దాటితే నేను దూరపు పిట్టల్ని వదిలేస్తాను. 15 మీటర్లలో ఉన్నదాన్ని మాత్రం ఇంకో గంట తీయొచ్చు. అనుమానం తీరాలంటే ఓ సాయంత్రం నీడలో గోడమీది పోస్టరు ఫొటో తీసి అక్షరాలు చూడండి.

ఏసీ కారులోంచి దిగగానే సంచి తెరవకండి, అద్దం చెమర్చి అరగంట పోతుంది. సంచితోపాటే బయట ఉంచి, కాసేపాగి తియ్యండి. ఇంటికొచ్చాక లెన్సు ఒంటిని పొడిబట్టతో రుద్దొద్దు, ఉప్పురవ్వలు గీతలు పెడతాయి. ముందు ఊది, తర్వాత మంచినీళ్లలో ముంచి గట్టిగా పిండిన బట్టతో తుడవండి.

ప్రశ్న: మా ఊరి ఉప్పుమడి గట్టు మీద పొడుగు ఎర్రకాళ్ల పిట్ట (బ్లాక్-వింగ్డ్ స్టిల్ట్) నాలుగు గుడ్లు పెట్టింది. ఎంత దగ్గరికి వెళ్లి ఫొటో తీయొచ్చు? గుడ్ల మీద కూర్చున్న ఫొటో కావాలి.
– గృహిణి, చినగంజాం దగ్గర

జవాబు: అమ్మా, మీరు అడిగిన ఫొటో నా దగ్గర ఒకటుంది. ఎవరికీ చూపించను. ఎందుకో చెప్తాను.

పన్నెండేళ్ల కిందట, మే మొదటివారం. గట్టు మీద గూడు చూశాను. గూడంటే పెద్ద కట్టడమేం కాదు, నాలుగు పుల్లలూ కాస్త ఎండుబురదా. ఓ పది అడుగుల దూరంలో బోర్లా పడుకుని, పిట్ట వచ్చి కూర్చుంటుందని 40 నిమిషాలు ఎదురుచూశాను. రెండూ నా నెత్తిమీద తిరుగుతూ అరుస్తున్నాయి. అలవాటు పడతాయిలే అనుకున్నాను. చివరికి ఒకటి వచ్చి కూర్చుంది, ఫొటో వచ్చింది. సంతోషంగా లేచి వెనక్కి నడిచానో లేదో, దానిమ్మటే పిట్ట మళ్లీ లేచింది. విద్యుత్ స్తంభం మీదున్న కాకి సూటిగా అక్కడ దిగి గుడ్డు ఎత్తుకుపోయింది. ఆ కాకి అప్పటిదాకా చూసింది పిట్టని కాదు, నన్ను. నేనెక్కడ వంగానో అక్కడ ఏదో ఉందని దానికి తెలుసు.

కాకి రాకపోయినా ఎండ ఉంది. గుడ్డు మీద కూర్చోవడం వెచ్చదనానికే అనుకుంటాం. మన వేసవిలో అది గొడుగు పట్టడం. ఓ రోజు పదకొండింటికి, రోడ్డు మీద ఆగిన కారులోంచి తీతువుని చూశాను. గూటి మీంచి లేచి కాలవకి పరిగెత్తి, నీళ్లలో పొట్ట ఆనించి ఇటూ అటూ ఊపింది. ఒళ్లు విదిలించకుండా అలాగే వెనక్కొచ్చింది, పొట్ట ఈకల నుంచి చుక్కలు రాలుతూనే ఉన్నాయి. గుడ్ల మీద నిలబడి మెల్లగా వంగింది. మళ్లీ ఇరవై నిమిషాలకి అదే పని. అలా కాపాడుకునే గుడ్లని మనం అరగంట ఎండలో పెడితే లోపలి పిల్ల ఉడికిపోతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం గుడ్లనీ గూళ్లనీ కదిలించడాన్ని కూడా వేట కిందే లెక్కగట్టింది. చట్టం సంగతి పక్కనపెట్టినా, ఆ కాకిని నేను మర్చిపోలేను.

కాబట్టి గట్టెక్కకండి. రోజూ ఉప్పు లాగేవాళ్లు నడిచే దారుంటుంది, పిట్టకి వాళ్లు అలవాటే. పొద్దున్నే ఆ దారిలోనే వాళ్లతోపాటు వెళ్తూ, పిట్ట గుడ్ల మీంచి లేవని దూరంలో ఆగి తీసుకోండి. తలెత్తి చూసిందా, ఇంకో నాలుగడుగులు వెనక్కి. గూడు ఎక్కడుందో ఫోన్లో పెట్టకండి. రెండూ మార్చి మార్చి పొదుగుతాయి, మూడు వారాలు దాటి ఇంకొన్ని రోజుల్లో పిల్లలొస్తాయి. పుట్టిన కొద్ది గంటల్లోనే గూడు వదిలి తల్లి వెంట నీటి అంచున తిరుగుతాయి. గోగుపుల్లల్లాంటి కాళ్లు, వాటి మీద దూదిపింజ. అప్పుడు మీ దారిలోనే కూర్చోండి. ఫొటో మీరనుకున్నదానికన్నా బాగుంటుంది.

ఒక చిన్న లెక్క: ఫ్రేము నిండా తెల్లటి ఉప్పే ఉంటే కెమెరా దాన్ని బూడిదరంగు చేస్తుంది. ఎక్స్‌పోజర్ (ఫొటోలో పడే వెలుగు మోతాదు) ఒక మెట్టు పెంచండి. నల్లటి నీళ్ల ముందు తెల్ల పిట్ట ఉంటే ఒక మెట్టు తగ్గించండి, లేకపోతే పొట్ట ఈకలు కాగితంలా కనపడతాయి.

ప్రశ్న: నా దగ్గర 70–300 లెన్సే ఉంది. పెద్దది కొనేదాకా ఆగాలా?
– ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం

జవాబు: ఆగొద్దు మాస్టారూ. మీకు నౌపడ ఉప్పుమళ్లు ఎంతో దూరం కాదు. పిట్టని చిన్నగానే ఉంచి, దాని నీడనీ ఉప్పుకుప్పనీ అవతల పనిచేసే మనుషుల్నీ చేర్చి తియ్యండి. నేను మొదటి ఆరేళ్లూ అదే లెన్సుతో తీశాను. షట్టరు వేగం 1/1000 సెకనుకి తగ్గనివ్వకండి. తలకి తడి తువ్వాలు, రెండు లీటర్ల నీళ్లు తప్పనిసరి. తొమ్మిదికల్లా ఇంటికొచ్చేయండి.