ప్రార్థన రావడం లేదన్నావు కదా

ప్రియమైన అమ్మాయికి,

ప్రభువు నామంలో వందనాలు. నీ ఉత్తరం అందింది. మీ ఆయనకు డయాలసిస్ వారానికి మూడుసార్లకు పెరిగిందని, ఆఫీసువాళ్లు ఇక రావద్దన్నారని, అప్పు ఎక్కడిదాకా వచ్చిందో లెక్క చూడాలంటేనే భయంగా ఉందని రాశావు. ఇవన్నీ రాసి, చిట్టచివర్లో సంతకం కింద ఇరికించి ఒక మాట రాశావు: "పెద్దమ్మా, ఈమధ్య ప్రార్థన చేయబుద్ధి కావడం లేదు. దేవుడికి దూరమైపోయానేమో." ముందు దాని సంగతే చూద్దాం.

నువ్వు దూరం కాలేదు. దూరమైనవాళ్లకు ఆ దిగులే ఉండదు. నువ్వు అలసిపోయావు, అంతే. 1 రాజులు 19వ అధ్యాయం తీసి చదువు. కర్మెలు కొండ మీద ఆకాశం నుంచి అగ్ని దిగడం కళ్లారా చూసిన ఏలీయా, యెజెబెలు రాణి ఒక్క కబురు పంపితే ప్రాణభయంతో పరుగెత్తాడు. అరణ్యంలో ఒక చెట్టు కింద కూలబడి, చాలు ప్రభువా, నా ప్రాణం తీసుకో అన్నాడు. అంతటి ప్రవక్త ఇలా మాట్లాడొచ్చా అని దేవుడు మందలించలేదు. దూత వచ్చి తట్టి లేపి తినమన్నాడు. తిన్నాడు, మళ్లీ పడుకున్నాడు. రెండోసారి లేపి మళ్లీ తినిపించాడు, ముందు చాలా దూరం నడవాలి కాబట్టి. హోరేబు కొండ, ఆ నిమ్మళమైన స్వరం, కొత్త పని అప్పగించడం, అన్నీ ఆ తర్వాతే.

కాబట్టి నా మొదటి సలహా బైబిలు చదవమని కాదు, నిద్రపొమ్మని. డయాలసిస్ నుంచి వచ్చిన రోజు ఆయన దగ్గర ఎవరినైనా కూర్చోబెట్టి, ఫోన్ పక్కన పెట్టేసి పడుకో. నెలల తరబడి సరైన నిద్ర లేని మనిషికి దేవుడే కాదు, కన్నపిల్లలు కూడా దూరంగానే కనిపిస్తారు. తెల్లవారుజామున లేచి మోకరించకపోతే ఆత్మీయంగా పడిపోయినట్టే అని ఎవరైనా అంటే విని ఊరుకో. ఇంకో మాట. నేను కూడా పోతే బాగుండు అనే ఆలోచన వచ్చి రోజుల తరబడి వదలకపోతే దాచుకోకు. నాకు చెప్పు, డాక్టరుకు చెప్పు. అది పాపపు ఒప్పుకోలు కాదు, జబ్బుకు మందు అడగడం.

ఇక ప్రార్థన. నీకు రానిది ప్రార్థన కాదనుకుంటాను. అందరి ముందూ చేసే చక్కటి ప్రార్థన, "స్తోత్రం ప్రభువా" అని మొదలుపెట్టి ముగించేది, అది రావడం లేదు. రాకపోతే పోనీ. 13వ కీర్తన చూడు. ఎన్నాళ్లు నన్ను మరిచిపోతావు, ఎంతకాలం ముఖం తిప్పుకుంటావు అని నిలదీస్తూ మొదలవుతుంది. అది ఆరు వచనాల్లోనే పాటగా మారుతుంది అనుకో. 88వ కీర్తనకు ఆ ఊరట కూడా లేదు. మొరపెట్టుకుంటూ మొదలై, చీకటే నాకు చుట్టమైంది అని ముగుస్తుంది. చివర్లో స్తుతి లేదు, సాక్ష్యం లేదు. అయినా అది మన బైబిల్లో ఉంది. చీకట్లో ఉన్నవాడు తన మాటలు తను వెతుక్కోలేడని దేవుడే ముందుగా రాయించి ఉంచాడనుకుంటాను. మాటలు రాని రోజు ఆ కీర్తన పైకి చదువు. మనసు కలవకపోయినా ఫర్వాలేదు, నోరు చదివితే చాలు.

మీ పెదనాన్న మంచాన ఉన్నప్పుడు నా ప్రార్థన ఎంతో తెలుసా? "ప్రభువా, చూస్తున్నావా?" అంతే. హాస్పిటల్ మెట్లెక్కుతూ అదే, బిల్లు కౌంటర్ దగ్గర లైన్‌లో నిలబడీ అదే. కొన్ని రాత్రులు అదీ లేదు. మనకు ఎలా ప్రార్థించాలో తెలియనప్పుడు ఉచ్చరింపశక్యం కాని మూలుగులతో ఆత్మే మన పక్షాన విజ్ఞాపన చేస్తాడని రోమా 8:26లో పౌలు రాశాడు. ఆ వచనం మీద ప్రసంగాలు చాలా విన్నాను గానీ, మూలగడం తప్ప ఏమీ చేతకాని రోజునే దాని బరువు తెలిసింది.

పిల్లల్నీ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరకు వచ్చిన స్నేహితుల్ని గమనించావా ఎప్పుడైనా? వచ్చిన ముగ్గురూ మొదట మంచిపనే చేశారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో పాటు నేల మీద కూర్చున్నారు, ఒక్క మాట కూడా మాట్లాడకుండా. ఆ తర్వాత నోరు తెరిచారు, అక్కడే చెడింది. దేవుడు న్యాయవంతుడు, పాపికి శిక్ష తప్పదు, ఒప్పుకుంటే విడుదల. ఆ మాటలు చాలావరకు ప్రసంగ వేదిక మీద వినపడేవే. అయితే ఆ పుస్తకమంతా వెతుకు, ఆ ముగ్గురిలో ఒక్కడు కూడా దేవుడి వైపు తిరిగి మాట్లాడడు. అంతా దేవుడి గురించే. యోబు మాత్రం పుట్టిన రోజును శపిస్తాడు, వాదిస్తాడు, నా తప్పేంటో చెప్పు అని దేవుణ్ణే నిలదీస్తాడు. చివరికి 42వ అధ్యాయంలో దేవుడు ఆ ముగ్గురిలో ఒకడైన ఎలీఫజుతో, నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నన్ను గురించి యుక్తంగా పలకలేదు అంటాడు. ఇన్నేళ్లలో నేను గట్టిగా పట్టుకున్నది ఇదొక్కటే: అలిగి అయినా సరే, ఆయనతోనే అలుగు. ఆయన మీద కోపం వస్తే పక్కింటివాళ్లకు చెప్పే ముందు ఆయనకే చెప్పు.

నీ దగ్గరకు వచ్చి "ఏదో దాచిన పాపం ఉంది, విశ్వాసం తక్కువైంది" అన్న ఆవిడ సంగతి. మా ఇంటికీ అలాంటివాళ్లు వచ్చారు. నేను వాదించలేదు, నీళ్లిచ్చి పంపాను. నువ్వూ వాదించకు, ఓపిక దండగ. కానీ ఆ మాట మనసులో పెట్టుకుని రాత్రిళ్లు తవ్వుకోకు. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి, వీడు చేసిన పాపమా, తల్లిదండ్రులు చేసిందా అని శిష్యులు అడిగితే, రెండూ కాదన్నాడు ప్రభువు. పౌలు చేతి గుడ్డలు తాకితేనే రోగాలు పోయిన రోజులున్నాయి. అదే పౌలు, తన తోటివాడు త్రోఫిము జబ్బుగా ఉంటే మిలేతు ఊళ్లో వదిలి వచ్చానని శిష్యుడు తిమోతికి రాశాడు. తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, నా కృప నీకు చాలు అనే జవాబు వచ్చింది. వీళ్లందరికీ విశ్వాసం తక్కువా?

స్వస్థత కోసం అడుగు. సిగ్గుపడకుండా, రోజూ అడుగు. పెద్దల్ని పిలిచి నూనె రాసి ప్రార్థన చేయించు, యాకోబు పత్రికలో ఉన్నదే. అయితే "ప్రార్థన అయింది కదా, విశ్వాసంతో డయాలసిస్ మానేయండి" అని ఎవరన్నా, ఎంత పేరున్న సేవకుడన్నా, ఆ మాట లోపలికి రానివ్వకు. కిడ్నీలు పని చేయనప్పుడు ఒక్కసారి మానినా ఒంట్లో నీరు చేరుతుంది, పొటాషియం పెరుగుతుంది. అది పెరిగితే గుండె ఆగిపోవచ్చు. పౌలు వెంట ఉన్న లూకా వైద్యుడు. కడుపు బాగుండని తిమోతికి కాస్త ద్రాక్షారసం పుచ్చుకొమ్మని పౌలే రాశాడు. స్వస్థత నిజమైతే రిపోర్టుల్లో కనిపిస్తుంది, అప్పుడు మానమని డాక్టరే చెబుతాడు.

నీకు అందరూ యిర్మీయా 29:11 పంపుతున్నారని రాశావు. సమాధానకరమైన ఉద్దేశాలు, రాబోయే కాలంలో నిరీక్షణ. మంచి వచనం. దాని పైనున్న పదో వచనం మాత్రం ఎవరూ పంపరు, అందులో డెబ్బై ఏళ్లు అని ఉంది మరి! బబులోనుకు చెరగా పోయినవాళ్లకు రాసిన ఉత్తరం అది. అంతకుముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త, రెండేళ్లలో అంతా తిరిగొస్తుందని చెప్పి జనాన్ని సంతోషపెట్టాడు. యిర్మీయా ప్రవక్త అలా చెప్పలేదు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి అన్నాడు. అంటే ఈ కష్టం తీరాక బతుకుదాంలే అని ఆగిపోవద్దన్నమాట. డయాలసిస్ ఎన్నాళ్లో తెలియదు. ఈలోపు పిల్లల పుట్టినరోజులు చెయ్యి, నువ్వు ఆపేసిన కుట్టుపని మళ్లీ మొదలుపెట్టు. నవ్వొస్తే నవ్వు, తప్పేమీ లేదు.

డబ్బు విషయంలో నీ మొహమాటం నాకు తెలుసు. "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అని గోడ మీద పెట్టుకున్నావు. దాని తర్వాతి వచనం కూడా చదువు: అయినా నా శ్రమలో మీరు పాలుపంచుకోవడం మంచిపనే అంటాడు పౌలు. ఫిలిప్పీవాళ్లు పంపిన సహాయం అందాక రాసిన మాటలవి. విధవరాళ్లకు రోజూ పంచేదాంట్లో తేడా వచ్చిందని యెరూషలేము సంఘం ఏకంగా ఏడుగురిని ఏర్పాటు చేసింది. సహాయం అడగడం అవిశ్వాసమైతే ఆ ఏడుగురికీ పనే ఉండేది కాదు. అప్పులన్నీ ఒక కాగితం మీద రాయి, ఎవరికెంత, వడ్డీ ఎంత. ఆ కాగితం పట్టుకుని పాస్టరుగారి దగ్గరకు వెళ్లు. "మా కోసం ప్రార్థన చేయండి" అని ఊరుకోకుండా, ఈ నెల మందులకు ఇంత తక్కువైంది అని అంకెతో చెప్పు. ఇంత పంపితే నూరంతలు వస్తుంది, ముందు విత్తనం వేయండి అనేవాళ్లకు మాత్రం ఒక్క రూపాయి పంపకు. విధవరాళ్ల ఇళ్లు దిగమింగుతూ దీర్ఘప్రార్థనలు చేసేవాళ్ల గురించి ప్రభువు ఎంత గట్టిగా మాట్లాడాడో మార్కు 12లో ఉంది.

ఆదివారం ఆరాధన మానకు. పాట పాడలేకపోతే పాడకు, చివరి వరుసలో కూర్చో. నువ్వు నమ్మలేని రోజున పక్కవాళ్లు పాడుతుంటారు, ఆ రోజుకు అది చాలు. ఎలా ఉన్నావంటే "దేవుని కృపలో బాగున్నాం" అని అలవాటుగా అనేయకు. ఒక్కరికైనా నిజం చెప్పు. అందరికీ అక్కర్లేదు.

మా ఇంటికి వచ్చినవాళ్లలో ఒక చెల్లి నాకు బాగా గుర్తుంది. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. వచ్చి, మందుల డబ్బా ముందేసుకుని కూర్చుంది. ఖాళీ స్ట్రిప్పులు ఏరి పక్కన పెట్టింది. మిగిలినవాటి వెనకాల మార్కర్‌తో పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని రాసింది. రెండు మాత్రలు ఒకేలా ఉంటే ఒకదానికి రబ్బరు బ్యాండ్ వేసింది. "రేపు వస్తా వదినా" అని లేచి వెళ్లిపోయింది. ప్రార్థన కూడా చేయలేదు. ఆ రాత్రి నేను మాత్రలు తడుముకోకుండా ఇచ్చాను, చాలా రోజుల తర్వాత "థాంక్యూ ప్రభువా" అన్నాను.

పిల్లలకు మాత్రం అబద్ధం చెప్పకు. నాన్నకు తప్పకుండా బాగైపోతుంది, దేవుడు మాటిచ్చాడు అని చెప్పావనుకో, రేపు ఏమైనా అయితే నాన్నతో పాటు దేవుణ్ణీ పోగొట్టుకుంటారు. నాన్నకు జబ్బు పెద్దది, మనం బాగు చేయమని అడుగుతున్నాం, ఏమైనా ఆయన మనల్ని వదలడు అని చెప్పు. పెద్దదానికి ఆమాత్రం అర్థమవుతుంది.

ఎందుకిలా జరిగింది అని అడిగావు. మీ పెదనాన్న బాగవ్వలేదు, నీకు తెలుసు. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు. యోహాను 11లో, లాజరు చనిపోయాక వచ్చిన ప్రభువుతో అతని సోదరి మరియ కూడా నువ్విక్కడ ఉంటే నా సహోదరుడు చనిపోయేవాడు కాదు అంది. ప్రభువు ఆమెకు ఆలస్యానికి కారణం చెప్పలేదు. ఎక్కడ పెట్టారని అడిగి, కన్నీళ్లు విడిచాడు. కాసేపట్లో లాజరును బతికించి లేపబోతున్నానని తెలిసీ ఏడ్చాడు. నేను ఆ అధ్యాయం దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకు అని అడగడం మానలేదు గానీ, అడిగేటప్పుడు మునుపటి కోపం లేదు. అది ఎప్పుడు పోయిందో చెప్పలేను.

వచ్చే వారం నేను వస్తున్నాను. డయాలసిస్ ఏ ఏ రోజులు, ఎన్నింటికి బయలుదేరాలో మెసేజ్ పెట్టు. ఫైలు, మందుల చీటీ ఒక సంచిలో సర్ది ఉంచు. ఆ మూడు రోజులూ ఆయనతో నేను వెళ్తాను, నువ్వు ఇంట్లో పడుకో.

ప్రేమతో,
మీ పెద్దమ్మ